తన వాడుక చొప్పున

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో విశ్వాస జీవితం గురించి వచ్చేవి నేను వదలకుండా చదువుతాను. మొన్న వచ్చిన వ్యాసంలో, నిజంగా బలపడిన విశ్వాసికి నిరాశ అన్నదే ఉండదని రాశారు. రాసినవారు మంచి మనసుతోనే రాసి ఉంటారు, వారి మీద నాకు కోపం లేదు. కానీ మంచం మీద ఉన్న నా భార్య అది చదివి, పేపరు ఒంటి చేత్తో మడిచి పక్కన పెట్టి, "అయితే నాకు విశ్వాసం లేనట్టేలే" అంది. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదవుతుంది, చోటు చాలకపోతే నా గోడు కత్తిరించండి, బైబిల్లోంచి తీసుకున్న మాటలు మాత్రం ఉంచండి.

రెండేళ్ల క్రితం ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మాట కూడా కొన్నాళ్లు పోయి మెల్లగా తిరిగొచ్చింది. మొదటి నెలలో నేను ప్రార్థన చేసినట్టు జీవితంలో ఎప్పుడూ చేయలేదు. అందరూ వచ్చేవారు, చేతులుంచి ప్రార్థించేవారు, ఉపవాసం ఉన్నవారూ ఉన్నారు. మూడో నెల దాటాక వచ్చేవాళ్లు తగ్గారు, అది సహజమే, ఎవరి బతుకులు వాళ్లవి. అసలు సంగతి ఏమిటంటే అప్పుడే నాలో కూడా ఏదో ఎండిపోయింది. మోకాళ్లూని "ప్రభువా" అంటే ఆ తర్వాత రెండో మాట వచ్చేది కాదు. బైబిలు తెరిస్తే కళ్లు వాక్యం మీద, మనసు మందుల టైమ్ మీద. ఆదివారం పాటలు పాడేవాణ్ణి, ఎవరైనా "ఎలా ఉన్నారు బ్రదర్" అంటే "దేవుని కృప" అనేవాణ్ణి. అది నిజమో అబద్ధమో నాకే తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే ఒకాయన వచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని, "దేవుడు మీతో ఏదో మాట్లాడుతున్నాడు, ఎక్కడ తప్పిపోయారో పరీక్షించుకోండి" అని చెప్పి వెళ్లాడు. మేం పరీక్షించుకున్నాం కూడా, వారం రోజులు, ఎప్పుడో పెళ్లైన కొత్తల్లో చేసిన పొరపాట్ల దాకా తవ్వుకున్నాం! ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు. బైబిల్లో కష్టాలపాలైన యోబు అనే భక్తుడి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే గొడవంతా వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే యేసు "వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు" అనే అర్థంలో సూటిగా జవాబిచ్చాడు. యోహాను సువార్త 9వ అధ్యాయం. ఆ ప్రశ్న మాత్రం మనం ఇంకా అడుగుతూనే ఉన్నాం.

మమ్మల్ని నిలబెట్టింది ఇంకొకరు. సంఘంలో అందరం పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ. పెద్ద అక్షరాల బైబిలు, అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. వచ్చింది, కూర్చుంది, కళ్లజోడు కొంగుతో తుడుచుకుంది, రబ్బరు బ్యాండు తీసి చేతికి వేసుకుంది, 88వ కీర్తన తెరిచి చదివింది. నేను ఏదో వాగ్దానం చదువుతుందనుకున్నాను. ఆ కీర్తన సంగతి తెలిసినవారికి తెలుసు. మిగతా మొరల్లాగా చివర్లో స్తుతిలోకి తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది. పెద్దమ్మ కూడా అక్కడే ఆపేసింది. సర్దిచెప్పడానికి ఏమీ కలపలేదు. "ఇది కూడా దేవుడి పుస్తకంలోనే ఉంది అయ్యా, ఎవరూ తీసెయ్యలేదు" అని, మళ్లీ రబ్బరు బ్యాండు వేసుకుని లేచింది. నా భార్య ఏడ్చింది. జబ్బు చేశాక ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను, అప్పటిదాకా ఏడిస్తే విశ్వాసం పోయినట్టని బిగబట్టుకుని ఉందట.

150 కీర్తనల్లో సుమారు మూడోవంతు ఇలాంటి మొరలే. "ఎంతకాలం" అని దేవుణ్ణి నిలదీసేవి. అవి మనం ఆదివారం పాడుకునేవాటిలో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోవాలి.

బలం అనగానే మనకు కళ్లముందు కనిపించేది సభలో చేతులెత్తి ఆరాధించేటప్పుడు ఒళ్లు పులకరించడం. అది కాదనను, నాకూ జరిగింది, దేవుడిచ్చిందే. కానీ ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండ మీద, బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తల ఎదుట ఆకాశం నుంచి అగ్ని దిగింది. అంతకంటే పెద్ద ఉజ్జీవ సభ ఎవరైనా చూశారా? ఆ వెంటనే వచ్చే అధ్యాయంలోనే, యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపుకి అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూలబడి, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. నిన్నటి అగ్ని ఇవాళ్టికి పనికిరాలేదు. అప్పుడు దేవుడు చేసిందేమిటి? పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి తినమంది, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపింది: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము." నువ్వు ఇంతేనా అని గద్దించలేదు, ప్రసంగం చేయలేదు, ప్రయాణం అతని శక్తికి మించిందేనని దూతే ఒప్పుకుంది. ఆ భోజనం బలంతో నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. రోగిని చూసుకుంటూ నిద్రలేక మండిపోతున్న విశ్వాసులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇవాళ రాత్రి మీ పక్కన ఇంకొకర్ని ఉంచి పడుకోండి. అది అవిశ్వాసం కాదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, మన్నా, దాని సంగతి కూడా అంతే. పొద్దున్నే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోతుంది, రేపటికని దాచితే పురుగు పట్టి కంపు కొడుతుంది, ఒక్క ఆరో రోజు మాత్రం రెండింతలు, విశ్రాంతి దినానికి. నలభై ఏళ్లు ఇదే. మధ్యలో ఇశ్రాయేలీయులకు విసుగొచ్చేసింది, ఈ మన్నా తప్ప మా కళ్లకు ఇంకేమీ కనబడటం లేదని ఏడ్చారు. నేను ఇంతకుముందు ఈ మాట చదివి వాళ్లను తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు జాలేస్తోంది. రోజూ దొరికేది రుచి లేనట్టు అనిపిస్తుంది, అయినా నలభై ఏళ్లు బతికించింది ఆ రుచి లేనిదే. పొద్దున వాక్యం చదివితే ఏమీ "తగలడం" లేదు అని మా యువకులు టెన్షన్ పడుతుంటారు. తగలకపోయినా చదవండి బాబూ. అన్నం తిన్న ప్రతిసారీ కళ్లు చెమ్మగిల్లుతాయా?

ఈ మధ్య నాకు రెండు మూడు చిన్న మాటలు బాగా పట్టుకున్నాయి. దానియేలుకు, ప్రార్థన చేస్తే సింహాల గుహలో పడేస్తామనే శాసనం మీద సంతకం పడిందని తెలుసు. ఇంటికెళ్లి ఏం చేశాడు? "యథాప్రకారముగా" రోజుకు ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించాడు. ఆ యథాప్రకారముగా అనే మాటలోనే ఉంది కిటుకంతా. ఆపద వచ్చాక కొత్తగా ప్రార్థన మొదలుపెట్టలేదు, ఉన్న అలవాటు ఆపలేదు. యేసు కూడా "తన వాడుక చొప్పున" విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడని లూకా రాశాడు. పట్టుబడిన రాత్రి ఒలీవల కొండకు వెళ్లింది కూడా "తన వాడుక చొప్పున"నే. అక్కడ గెత్సేమనేలో ఆయన మూడోసారి ప్రార్థించినప్పుడు "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని మత్తయి చెబుతాడు. అంటే దేవుని కుమారుడికే ఆ రాత్రి కొత్త మాటలు రాలేదు! ఇది చూసిన రోజు నాకు ఎంత తేలికైందో చెప్పలేను. నా ఒక్క "ప్రభువా" సరిపోతుందనిపించింది.

పడిపోవడం గురించి కూడా ఒక మాట. దేమా అనే అతను పౌలు ఉత్తరాల్లో మూడుసార్లు వస్తాడు. ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో జతపనివాడు. కొలొస్సయులకు రాసినదాంట్లో ఉత్త పేరు, పక్కనే లూకాకు "ప్రియుడైన వైద్యుడు" అని ఉంది గానీ ఇతనికి ఏమీ లేదు. రెండో తిమోతిలో, ఇహలోకాన్ని స్నేహించి నన్ను విడిచి వెళ్లాడు అని. ఒక్క రాత్రిలో ఎవరూ పోరు, నాకు తెలిసిన వాళ్లెవరూ అలా పోలేదు, మొదట పొద్దుటి ప్రార్థన పోతుంది, తర్వాత నెలలో ఒక ఆదివారం పోతుంది, ఎవరూ అడగరు, ఆ తర్వాత ఎవరైనా అడిగితే కోపం వస్తుంది. అయితే అదే చోట తర్వాతి వచనం కూడా చదవాలి. దేమా వెళ్లిపోయిన మాట 10వ వచనం. 11వ వచనంలో పౌలు మార్కును వెంటబెట్టుకుని రమ్మంటున్నాడు, పరిచర్యకు నాకు ప్రయోజనకరమైనవాడు అంటూ. ఏ మార్కు? మొదటి ప్రయాణంలో మధ్యలో వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయినవాడు, వాడి విషయంలోనే పౌలూ బర్నబా తీవ్రంగా వాదులాడుకుని విడిపోయారు. వదిలేసి వెళ్లినవాణ్ణి మళ్లీ పిలిపించుకునే మాట వదిలేసి వెళ్లినవాడి మాట పక్కనే ఉంది. బర్నబా లాంటివాడు ఒకడు పట్టువదలకుండా వెంట ఉండబట్టే అది కుదిరిందని నేననుకుంటాను.

నమ్మకంగా ఉండటం అనేసరికి మనకు రెండో శతాబ్దంలో స్ముర్న సంఘానికి పెద్దగా ఉన్న పోలికార్పు లాంటి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షులు గుర్తొస్తారు. "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అనే మాట ప్రకటన గ్రంథంలో ఆ స్ముర్న సంఘానికి రాసిందే. ఆ ముసలాయన క్రీస్తును దూషించి ప్రాణం దక్కించుకోమంటే, 86 ఏళ్లుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషించను అన్నాడు. అందరూ ఆ చివరి రోజు మంటల గురించి చెబుతారు. నాకు ఆ 86 ఏళ్లే గొప్పగా కనిపిస్తాయి, వాటిలో చాలా రోజులు మామూలు మంగళవారాలే అయి ఉంటాయి. మిషనరీ విలియం కేరీ 1793లో మన దేశానికి వచ్చి, మొదటి బాప్తిస్మం చూడటానికి 1800 దాకా ఆగాల్సి వచ్చింది. 1812లో అచ్చుశాల కాలిపోయి ఏళ్ల తరబడి రాసిన చేతిరాతలు బూడిదైతే మళ్లీ మొదటి నుంచి కూర్చున్నాడు. ఇక మదర్ థెరిసా. 1997లో ఆమె చనిపోయిన పదేళ్లకు బయటికొచ్చిన ఉత్తరాలు చూసి లోకం ఆశ్చర్యపోయింది, దేవుడు దగ్గర ఉన్నాడనే అనుభూతే లేకుండా దశాబ్దాలు గడిపిందట. కొందరు అయితే ఆమెకు విశ్వాసమే లేదన్నారు. నాకు తోచింది వేరు. ఏమీ అనిపించకుండానే రోజూ లేచి ఆ రోగుల దగ్గరికి వెళ్లిందంటే, అంతకంటే విశ్వాసం ఏముంది?

సంపాదకులు గారూ, మీకు ఒక్క విన్నపం. మీరు వేసే సాక్ష్యాలన్నీ "ఇప్పుడు అంతా బాగుంది, దేవునికి స్తోత్రం" అనే ముగుస్తాయి. సంతోషమే. కానీ ఇంకా బాగవని వాళ్లవి కూడా అప్పుడప్పుడు వేయండి. మూర్ఛరోగి తండ్రి యేసుతో "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు, ఒకే ఊపిరిలో రెండూ. ఆ రెండో సగం ఉన్న సాక్ష్యాలు మాకు కావాలి. పౌలు కూడా తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను, ఆ ముల్లును తీసేయమని మూడుసార్లు అడిగాడు, ముల్లు పోయిందని ఎక్కడా లేదు, "నా కృప నీకు చాలును" అనే జవాబే ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రిపూట కీర్తనలు వరసగా చదువుతున్నాం. నేను ఒక వచనం, ఆమె ఒక వచనం. ఆమెకు మాట ఇంకా పూర్తిగా తిరగలేదు, పెద్ద మాటల దగ్గర ఆగుతుంది, నేను అందించను, అందిస్తే కోపం. ప్రస్తుతం 119లో ఉన్నాం, 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, రోజుకొకటి. నిన్నటికి పదకొండు అయ్యాయి. నిన్నటి భాగంలో "పొగ తగులుచున్న సిద్దె" అని వచ్చింది. సిద్దె అంటే ఏంటని అడిగింది. తోలుసంచి, పొగలో వేలాడదీస్తే ఎండి, నల్లబడి, ముడుచుకుపోతుందని చెప్పాను. తన ఎడమ చెయ్యి కాసేపు చూసుకుని, మిగతా సగం తనే చదివింది, "అయినను నీ కట్టడలను నేను మరచుట లేదు" అని, కట్టడలు, అంటే ఆజ్ఞలు, ఆ మాట దగ్గర రెండుసార్లు ఆగి. ఇవాళ 89వ వచనం నుంచి.

ఇట్లు,
మీ పాఠకుడు