పిన్నికి, బలం బిళ్లల గురించి

మాంచెస్టర్,
ఆదివారం

పిన్నికి నమస్కారాలు.

నువ్వు పంపిన ఫోటోలో స్ట్రిప్పుల మీద రాసినవన్నీ పెద్దవి చేసి చదివాను. థైరాయిడ్ మాత్ర, గ్యాస్ బిళ్ల డాక్టరు రాసినవి. వాటి జోలికి పోవద్దు. మిగతావి, అంటే మల్టీవిటమిన్ గమ్మీలు, ఐరన్, కాల్షియం, విటమిన్ డి సాచెట్లు, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ పొడి, జుట్టుకని బయోటిన్ అనే విటమిన్, తలా ఒకరు చెబితే కొన్నవే కదా. అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టావు. కడుపుబ్బరం వాటిలో దేనివల్ల పెరిగిందో ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేరు. అందుకని ఇవన్నీ రెండు వారాలు పక్కన పెట్టు. ఆ తర్వాత రక్తపరీక్షలో లోటు ఉందని తేలినవే వాడు, అవీ ఒక్కొక్కటిగా, రెండేసి వారాల ఎడంతో.

నీకున్న ఐబీఎస్, అంటే పేగుల పనితీరు గాడి తప్పి కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం, లూజ్ మోషన్లు తెచ్చే జబ్బు ఉంటే, తిన్నది ఒంటికి పట్టదని అంటున్నావు, అది నిజం కాదు. ఈ జబ్బులో పేగు గోడ దెబ్బతినదు, పోషకాలు మామూలుగానే లోపలికి వెళతాయి. లోటు వచ్చేది భయంతో తిండి తగ్గించుకోవడం వల్ల. పాలు మానేశావు, పప్పు తగ్గించావు, ఇప్పుడు చేపలు కూడా వద్దంటున్నావట. పాలు పడకపోతే సరే, వాటి బదులు రాగి అంబలి తాగు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ముల్లుతో సహా తినే నెత్తళ్ళలోనూ కాల్షియం బాగా ఉంటుంది. పులుసులో ఉల్లి, వెల్లుల్లి తగ్గిస్తే చాలు, చేపలు మానక్కర్లేదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఐరన్. మలబద్ధకం, వికారం, నల్లటి విరేచనం, కడుపునొప్పి ఇవన్నీ ఐరన్ మాత్ర వల్ల రావచ్చు. ఐబీఎస్ ముదిరిందని నువ్వు కంగారుపడేది చాలావరకు వీటిని చూసే. మాత్ర వేసుకున్నాక ఐరన్‌ను అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోన్ ఒక రోజు పాటు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మర్నాడు వేసుకున్నదాంట్లో ఒంటికి పట్టేది తక్కువ, పేగులో మిగిలి బాధపెట్టేది ఎక్కువ. రోజు విడిచి రోజు వేసుకుంటే కొంచెం సుఖం, పైగా మాత్ర మాత్రకూ పట్టేది పెరుగుతుంది. డాక్టరు ఒప్పుకుంటే అలాగే చెయ్యి. టీ, కాఫీలకు ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉండాలి. స్ట్రిప్పు మీద చూడాల్సింది ఎలిమెంటల్ ఐరన్, అంటే అసలు ఐరన్, ఎంత అన్నది. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాములే ఉంటుంది. అదే మన దగ్గర దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల్లో చాలావాటిలో 100 ఉంటుంది.

విటమిన్ డి సాచెట్ 60,000 యూనిట్లది. అది వారానికి ఒకటి, మామూలుగా ఎనిమిది వారాలు, ఆపైన డాక్టరు చెప్పినట్టు. రోజూ వేసుకునేది కానే కాదు. ఇక్కడ చలికాలంలో అందరికీ చెప్పే మోతాదు రోజుకు 400 యూనిట్లు, దాన్ని బట్టి నీ సాచెట్ ఎంత పెద్దదో చూడు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి దాహం, వాంతులు, మలబద్ధకం వస్తాయి. వాటిని కూడా ఐబీఎస్ ఖాతాలోనే వేసుకుంటావేమోనని నా భయం. సాచెట్ కడుపులో పడకపోతే అదే మోతాదులో జెల్ క్యాప్సూల్ ఉంటుంది, మధ్యాహ్నం నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత వేసుకోవాలి. వైజాగ్ ఆర్కే బీచ్‌లో రోజూ నడుస్తున్నాను కదా, ఎండ సరిపోదా అన్నావు. పొద్దున్న ఆరింటికి సూర్యుడు బాగా కిందికి ఉంటాడు, విటమిన్ డి తయారుచేసే కిరణాలు ఆ వేళ దాదాపు ఉండవు. నడక మాత్రం ఆపకు, పేగుల కదలికకు అది మంచిది.

కాల్షియం కార్బొనేట్ మలబద్ధకం తెస్తుంది, గ్యాస్ కూడా. పైగా అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, నువ్వేమో ఆమ్లం తగ్గించే గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నావు. కాల్షియం సిట్రేట్ అయితే ఆ ఇబ్బంది తక్కువ. ఏదైనా ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించొద్దు, అంతకన్నా ఎక్కువ సరిగా పట్టదు. పక్కింటావిడ ఇస్తానన్న మెగ్నీషియం ఆక్సైడ్ విరేచనాన్ని పలచన చేస్తుంది. నీకు మలబద్ధకం ఉన్న వారాల్లో పనికొస్తుందేమో కానీ, లూజ్ మోషన్లు అయ్యే వారాల్లో అదే గొడవ పెంచుతుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా తీసుకోకూడదు. గ్యాస్ బిళ్ల ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గుతుంది, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడే బాబాయికీ అదే ప్రమాదం. ఇద్దరూ ఒకసారి చూపించుకోండి.

ఇక గమ్మీలు. విటమిన్ కంటే దాన్ని పట్టి ఉంచే సరుకే నీ కడుపుకు ఎక్కువ చెరుపు చేస్తుంది. చక్కెర లేదని గొప్పగా రాసిన గమ్మీలు, నమిలే బిళ్లలు, నీళ్లలో పొంగే బిళ్లల్లో తీపికి సార్బిటాల్, మానిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ లాంటివి వేస్తారు. ఇవి చిన్నపేగులోంచి సగం సగమే ఒంట్లోకి వెళతాయి, మిగిలినవి నీటిని లాక్కుని పెద్దపేగుకు చేరి, అక్కడ పులిసి గ్యాస్ అవుతాయి. లేబుల్ మీద పేరు కనబడకపోతే అంకెలు చూడు: 420, 421, 965, 967. ప్రోబయోటిక్ పొడిలో ఇన్యులిన్, చికోరీ పీచు, ఎఫ్‌ఓఎస్ అనే పులిసే పీచులు ఉంటే అదీ అంతే, మంచి బ్యాక్టీరియాకు మేత అని కలుపుతారు, నీకు పొట్ట ఉబ్బుతుంది. మామూలు మాత్రలో కలిపే లాక్టోజ్ చాలా కొంచెం, పాలు పడనివాళ్లలో చాలామందికి అది ఏమీ చెయ్యదు.

ప్రోబయోటిక్ వాడి చూడాలనిపిస్తే ఒకే రకం, నాలుగు వారాలు తగ్గకుండా, పన్నెండు వారాలకు మించకుండా వాడు. గుణం కనబడకపోతే ఆపెయ్యి. వైజాగ్ ఎండల్లో కొరియర్ వ్యానులో తిరిగొచ్చిన పొడిలో బ్యాక్టీరియా బతికి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసిచ్చేది కొను. మాత్రల డబ్బా వంటింటి పొయ్యి దగ్గర్నుంచి తీసెయ్యి, ఆ వేడికీ సముద్రపు చెమ్మకీ జెల్ క్యాప్సూళ్లు అంటుకుపోతాయి.

నీ కడుపుకు నిజంగా పనికొచ్చేది ఇసబ్గోల్, నీళ్లలో జిగురుగా ఉబ్బే పీచు. మలబద్ధకానికీ లూజ్ మోషన్లకీ రెండిటికీ. అర చెంచాతో మొదలుపెట్టి, వారానికి అర చెంచా చొప్పున రెండు చెంచాల దాకా పెంచు. పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే తాగెయ్యి, ఆపైన ఇంకో అర గ్లాసు నీళ్లు తాగు. నీళ్లు తక్కువైతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. తాగిన వెంటనే పడుకోవద్దు. గోధుమ పొట్టు మాత్రం వద్దు, అది కరగని పీచు, ఉబ్బరం పెంచుతుంది. సునాముఖి కలిపిన చూర్ణాలు, కలబంద రసం కూడా వద్దు.

వేళలు ఇలా పెట్టుకో. పొద్దున్న ఆరింటికి థైరాయిడ్ మాత్ర వట్టి నీళ్లతో, కాఫీ గంట తర్వాత. ఐరన్ పదకొండింటికి, ఎందుకంటే థైరాయిడ్ మాత్రకూ ఐరన్, కాల్షియంలకూ నాలుగు గంటల ఎడం కావాలి. వికారంగా ఉంటే భోజనం తర్వాత వేసుకో, కొంచెం తక్కువ పట్టినా ఫరవాలేదు. ఇసబ్గోల్ సాయంత్రం ఐదింటికి, ఏ మాత్రకైనా రెండు గంటల దూరంలో. కాల్షియం రాత్రి భోజనంతో. బయోటిన్ మానెయ్యి. అది ఒంట్లో ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపి ఉండాలి.

ఇదొక్కటి మాత్రం వాయిదా వెయ్యొద్దు. రక్తం తక్కువగా ఉండటానికి ఐబీఎస్ కారణం కాదు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) తగ్గి ఉంటే మాత్రతో సరిపెట్టకుండా కారణం వెతకాలి. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, ఏభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏదున్నా వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, నీకు అలవాటైన డాక్టరు దగ్గరికో వెళ్లు. సీలియాక్ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష కూడా అడుగు, అది అయ్యేదాకా గోధుమ మానకు. మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ రిపోర్టులు చేతికి రాగానే ఫోటో తీసి పంపు. డాక్టరుకు చూపించే ముందు ఏమేం అడగాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం.

బాబాయికి నమస్కారాలు చెప్పు.

నీ అక్క కూతురు