వార్షిక నివేదిక 2024–25: మానసిక రోగుల భద్రత, సాంకేతిక సాధనాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మానసిక వ్యాధులకు చికిత్స పొందుతున్నవారి కుటుంబాలతో విశాఖపట్నంలో ఏర్పడిన మన సంఘం, ఆసుపత్రిలో ఉన్నంతకాలమూ, ఇంటికి వచ్చిన తరువాతా మనవారికి ప్రమాదం జరగకుండా సాంకేతిక సాధనాలను ఎంతవరకు వాడుకోవచ్చునన్న అంశాన్ని ఈ సంవత్సరానికి ముఖ్య కార్యక్రమంగా చేపట్టింది. నెలవారీ సమావేశాలు, సభ్యత్వ పునరుద్ధరణ యథాప్రకారం జరిగాయి.

అన్నిటికంటే ఎక్కువ వాదోపవాదాలు సీసీ కెమెరాలపై జరిగాయి. వార్డుల్లో ప్రతి గదిలోనూ కెమెరా పెట్టించాలని వినతిపత్రం ఇద్దామని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది రోగులు మరణించారన్నది గుర్తున్నవారికి, మూసిన తలుపుల వెనుక ఏం జరుగుతోందోనన్న భయం సహజమే. అయితే తెర ముందు కూర్చుని గమనించే మనిషి, గమనించిన వెంటనే వార్డులోకి వెళ్లే నర్సు లేనిచోట కెమెరా జరిగిపోయినదాన్ని చూపడానికే పనికివస్తుంది. పైగా, తనను ఎవరో రహస్యంగా కనిపెడుతున్నారన్న భ్రాంతితోనే ఆసుపత్రిలో చేరిన మనిషి మంచం ఎదుట నిజంగానే కెమెరా బిగించడం ఎంతవరకు వైద్యమో ఆలోచించాలి. ఇంగ్లాండులో రోగుల గదుల్లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో నాడి, శ్వాస లెక్కించే పద్ధతిపై కూడా, సమ్మతి సరిగా తీసుకోలేదంటూ రోగుల నుంచే తీవ్రమైన అభ్యంతరం వచ్చింది. చివరకు గేట్లు, వరండాలు, భోజనశాల వంటి ఉమ్మడి స్థలాల్లో కెమెరాలను సమర్థించాలని, పడకగదుల్లోనూ స్నానపు గదుల్లోనూ వద్దనాలని మెజారిటీతో తీర్మానించాం.

కెమెరా కంటే మనం గట్టిగా అడగవలసినది రోగిని కట్టివేసిన ప్రతిసారీ నమోదు అని కార్యవర్గం అభిప్రాయం. రోగిని కట్టివేయడం తక్షణ హానిని ఆపడానికి మరో మార్గం లేనప్పుడే, మానసిక వైద్యుని అనుమతితోనే జరగాలని, శిక్షగా గాని సిబ్బంది కొరత వల్ల గాని చేయరాదని, పద్ధతి, కారణం, వ్యవధి రికార్డులో రాసి 24 గంటలలోగా నియమిత ప్రతినిధికి, అంటే చికిత్స విషయాల్లో తన తరఫున ఉండేందుకు రోగి ఎంచుకున్న వ్యక్తికి, తెలియజేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షను చెబుతోంది. చేతిరాత రిజిస్టరులో నాలుగు రోజుల వివరాలను ఒకే పూట కూర్చుని రాసేయవచ్చు. సమయం దానంతటదే పడి, తరువాత దిద్దితే ఆ దిద్దుబాటు కూడా కనిపించే కంప్యూటరు రిజిస్టరు ఉంటే, ప్రతినిధి ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు ఉంటే చట్టం కాగితం దాటి వార్డులోకి వస్తుంది. ఈ మేరకు వినతిపత్రం సిద్ధమైంది. మన సభ్యుల్లోనే చాలామంది ఇళ్లలో నియమిత ప్రతినిధి ఎవరో రాసి ఇవ్వలేదని ఈ చర్చలో బయటపడింది. ఆ పని ముందు పూర్తి కావాలి.

మందుల భద్రతపై జరిపిన తరగతులకు మంచి స్పందన వచ్చింది. మనోస్థితి తీవ్రంగా మారే వ్యాధికి ఇచ్చే లిథియం మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. మన ఊరి ఉక్కపోతలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలైనా, ఒళ్లునొప్పులకు సొంతంగా ఇబుప్రొఫెన్ కొని వేసుకున్నా ఆ స్థాయి పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ తెల్లరక్తకణాలను తగ్గించవచ్చు కనుక, దాన్ని మొదలుపెట్టినవారికి తొలి 18 వారాలు వారంవారం తెల్లరక్తకణాల పరీక్ష చేయించడం పాటిస్తున్న పద్ధతి. మధ్యలో జ్వరమో గొంతునొప్పో వస్తే ఆలస్యం చేయకూడదు. ఈ తేదీలను ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో గుర్తుచేసేలా పెట్టడం, రిపోర్టులను ఫొటో తీసి వరుసగా దాచడం సభ్యులకు నేర్పాం. పాడేరు వైపు నుంచి వచ్చే కుటుంబాలు సిగ్నల్ ఉండదని సందేహించారు గాని, అలారానికి సిగ్నల్ అక్కరలేదు. ఖరీదైన ఏ పరికరం కంటే ఈ సంవత్సరం ఎక్కువ ఉపయోగపడింది ఈ అలారమే.

డిశ్చార్జి తరువాతి తొలి రోజుల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. అందుకే 72 గంటలలోగా రోగిని పలకరించాలని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆత్మహత్యలను అధ్యయనం చేసే జాతీయ విచారణ బృందం బ్రిటన్‌లో సిఫారసు చేసింది. రోగి సమ్మతి ఉన్నచోట మన స్వచ్ఛంద సభ్యులు ఫోను చేసి మాట్లాడుతున్నారు. వారు వైద్యులు కారు కనుక, కష్టమైన మాట వినబడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు కలుపుతారు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఆ ఉచిత సేవ రాత్రింబవళ్లు, తెలుగులో కూడా, అందుతుంది.

సంఘం వాట్సాప్ గ్రూపులో రోగుల ఫొటోలు, మందుల చీటీలు పెట్టడాన్ని నిషేధించాం. పాతవాటిని పెట్టినవారే తొలగించాలి.

కంప్యూటరు రిజిస్టరు వినతిపత్రాన్ని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. సవరణలు ఉంటే సభ్యులు ముందుగా కార్యదర్శికి రాసి ఇవ్వగలరు. జమాఖర్చుల పట్టికను కూడా అదే సమావేశంలో ఆమోదానికి ఉంచుతాం.