షఫుల్‌లో వచ్చిన పాటలు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఫోన్‌లో దాచుకున్న పాటలన్నీ షఫుల్‌లో పెట్టి, ఏది వస్తే అది విన్నాను.

మొదటే ‘మౌనమేలనోయి’. 1983 నాటి ‘సాగర సంగమం’, ఇళయరాజా సంగీతం. జానకిగారు చెవి దగ్గరికొచ్చి మెల్లగా చెబుతున్నట్టే ఉంటుంది. బాలుగారు కూడా ఎక్కడా ఆ నెమ్మదిని చెదరనివ్వలేదు, నాకు ఆ పాట ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది. అదొక్కటీ రెండుసార్లు విన్నాను.

వెంటనే ‘శంకరా నాదశరీరాపరా’. ఒళ్ళు జలదరించింది. ఇందాక అంత మెత్తగా పాడింది బాలుగారి ఈ గొంతేనా!

తర్వాతొచ్చిన డాన్స్ పాట మాత్రం నాకు ఎక్కలేదు.

మీరూ షఫుల్ పెట్టి, మొదట వచ్చిన మూడు పాటలు వినగానే ఏమనిపించిందో ఇక్కడ రాయండి. వాయిస్ మెసేజ్ అయినా సరే.