ఆర్డరు విడగొట్టండి, బిల్లు వేళకు కట్టండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరుల్లోని ఆసుపత్రులు, హాస్టళ్లు, హోటళ్లు ఏడాది పొడవునా దుప్పట్లు, యూనిఫాంలు, అట్టపెట్టెలు కొంటూనే ఉంటాయి. దళిత, గిరిజన, ముస్లిం, మహిళా యజమానుల యూనిట్లకు అందులో దక్కేది బహు తక్కువ. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలకైతే 2012 నాటి కొనుగోలు విధానం ఉంది. ఏటా 25 శాతం సరుకు సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. అందులోనే ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం. మతపరమైన మైనారిటీలకు విడిగా వాటా లేదు. ప్రైవేటు వ్యాపారులకు ఏ నిర్బంధమూ లేదు, వాళ్లంతట వాళ్లే పూనుకోవాలి.

నాణ్యత ఉండదని చాలామంది అంటారు. అసలు అడ్డు షరతుల్లోనే ఉంది. వెయ్యి దుప్పట్లు ఒకేసారి ఇవ్వాలి, డిపాజిట్టు ముందే కట్టాలి, బిల్లు మాత్రం తొంభై రోజులకు అంటే నాలుగు మిషన్ల షెడ్డు గుడ్డ కోసమే అప్పు చేయాలి. లాభమంతా వడ్డీకే పోతుంది. అదే వెయ్యిని నెలకు రెండు వందల చొప్పున తీసుకుని, గుడ్డ డబ్బు అడ్వాన్సుగా ఇస్తే ఆ షెడ్డే వేళకు సరుకు అందిస్తుంది.

'మంచి కాటన్ దుప్పటి' అని రాసి ఊరుకుంటే తగువు తప్పదు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల గుడ్డ, ఉతికాక పొడవు వెడల్పులు ఎంత ఉండాలి అన్నవి ఆర్డరులోనే రాయాలి. ముందే తడిపి ఆరబెట్టని గుడ్డ ఉతికేసరికి కుంచించుకుపోతుంది, పరుపు కిందికి దోపడానికి అంచు మిగలదు, సరుకంతా వాపసు వస్తుంది. నచ్చిన నమూనాలు రెండింటి మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొకటి దాచుకోవాలి.

చిన్న సంస్థల నమోదుకు కేంద్రం ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్‌లో యజమాని సామాజిక వర్గం ఉంటుంది. భాగస్వామ్య సంస్థ అయితే ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉందో లేదో చూడాలి. కాగితంతో సరిపెట్టుకోకండి. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిదిగా నడిచేవీ ఉంటాయి. షెడ్డుకు వెళ్లి, చెక్కుల మీద సంతకం ఎవరిదో కనుక్కోండి.

రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం వచ్చిన 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, గడువు దాటిన బకాయిని కొన్నవాళ్లు అది చెల్లించిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపుకోవాలి. ఈ భయంతో ఉద్యం నమోదు ఉన్నవాళ్లనే పక్కనపెట్టడం ఘోర అన్యాయం.

జూన్‌లో బడులు తెరిచేనాటికి యూనిఫాంలు కావాలంటే కొలతలు, గుడ్డ అడ్వాన్సు మార్చిలోనే అందాలి. మేలో పిలిస్తే పెద్ద డీలర్లు తప్ప ఎవరూ అందుకోలేరు.

— చిన్న యూనిట్ల జమాఖర్చులు చూసే అకౌంటెంట్లు, విజయవాడ