పాత ఆటల సంగీతానికి పెద్ద సౌండ్‌ఫాంట్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో పాత డాస్ ఆటల మీద వేసిన వ్యాసం బాగుంది. పాత ఆటలను ఇప్పటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్ పెట్టుకోవడం, ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌గా మౌంట్ చేయడం దాకా రాసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంగీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం మంచి సౌండ్‌ఫాంట్ (వాద్యాల ధ్వనుల నమూనాలుండే ఫైలు) దించుకోండి, ఎంత పెద్దదైతే అంత మంచిదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సలహా పాటించి ఒక గిగాబైటు ఫైలు దించుకున్నవాళ్లకు చాలా ఆటల్లో గోల తప్ప పాట వినపడదు. ముందు తేల్చుకోవాల్సింది సౌండ్‌ఫాంట్ సైజు కాదు, ఆ ఆట సంగీతాన్ని ఏ పరికరం కోసం రాశారన్నది.

ఈ ఆటలు సంగీత పరికరాలకు పంపేది మిడి డేటా. అందులో శబ్దం ఉండదు. ఏ చానల్లో ఏ నంబరు వాద్యం, ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలన్న ఆదేశాలే ఉంటాయి. ఆ నంబరు ఏ వాద్యానిదో తేల్చేది దాన్ని వినిపించే పరికరం. రోలాండ్ సంస్థ సంగీత పెట్టె ఎంటీ-32 వచ్చింది 1987లో. ఏ నంబరుకు ఏ వాద్యమన్న ఉమ్మడి ఒప్పందం, అదే జనరల్ మిడి, 1991లో గానీ రాలేదు. ఆ మధ్యలో రోలాండ్ కోసం రాసిన ఆటలు ఎంటీ-32 సొంత వరుసనే పట్టుకుని నడుస్తాయి. ఎంటీ-32లో 33వ నంబరు ‘ఫాంటసీ’ అనే సింథ్ ధ్వని. జనరల్ మిడిలో అదే నంబరు అకౌస్టిక్ బేస్. 49వ నంబరు రెండింటిలోనూ వయొలిన్ల బృందమే, అందుకే కొన్ని పాటలు సగం బాగుండి సగం చెడిపోయినట్టు వినిపిస్తాయి.

నంబర్ల పట్టిక మార్చి సర్దుకుందామన్నా పూర్తిగా కుదరదు. ఆనాటి ఆటలు, ముఖ్యంగా సియెరా సంస్థవి, మొదలవుతూనే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలతో (ఆ పరికరానికే ప్రత్యేకమైన ఆదేశాలతో) సొంత ధ్వనులను ఎంటీ-32 మెమరీలోకి ఎక్కిస్తాయి. అలా 64 దాకా ఎక్కించవచ్చు. ఆ సందేశాలు సౌండ్‌ఫాంట్ ప్లేయర్‌కు అర్థం కావు, వదిలేస్తుంది. దాంతో ఈదురుగాలి వినపడాల్సిన చోట పియానో మోగుతుంది. ఇంకో రెండు తేడాలు కూడా ఉన్నాయి. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే హద్దు) జనరల్ మిడిలో మామూలుగా రెండు సెమిటోన్లు, ఎంటీ-32లో పన్నెండు. కాబట్టి రాగం జారాల్సినంత జారక అపస్వరం పలుకుతుంది. ఎంటీ-32లో పాన్ (ఎడమ, కుడి స్పీకర్ల మధ్య పంపకం) కూడా తిరగేసి ఉంటుంది, ఎడమవైపు రావాల్సింది కుడివైపు వస్తుంది.

మరి ఏ ఆట దేనికోసమో ఎలా తెలుస్తుంది? ఆట ఫోల్డర్లో సెటప్ లేదా ఇన్‌స్టాల్ అనే ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని నడిపి మ్యూజిక్ జాబితా చదవండి. రోలాండ్ ఎంటీ-32 లేదా ఎల్ఏపీసీ-1 (అదే కుటుంబపు కార్డు) అని మాత్రమే ఉండి జనరల్ మిడి ఊసు లేకపోతే అది ఎంటీ-32 ఆట. జనరల్ మిడి, సౌండ్ కాన్వాస్ (రోలాండ్ జనరల్ మిడి పెట్టెల పేరు) అని కనిపిస్తే 1991 తరవాతి కాలానిది. 1993 నాటి డూమ్ ఈ కోవలోదే. రెండూ ఉంటే విడుదలైన ఏడాది చూసి రెండింటినీ విని తేల్చుకోవాలి. 1992 చుట్టుపక్కల ఆటల్లో కొన్నింటికి ఎంటీ-32 కోసం చేసినదే అసలు కూర్పు, జనరల్ మిడి ఆఖర్లో తగిలించినది.

యాడ్‌లిబ్ లేదా సౌండ్ బ్లాస్టర్ (ఆనాటి సౌండ్ కార్డులు) అని ఎంచుకుంటే మాత్రం కథ వేరు. అక్కడ సంగీతం యమహా ఓపీఎల్ చిప్పు మీద పుడుతుంది. యాడ్‌లిబ్‌లో ఉన్న వైఎం3812 అనే ఓపీఎల్ చిప్పుకు తొమ్మిది గొంతులు, అంటే ఒకేసారి మోగే స్వరాలు. ఆ చిప్పును డాస్‌బాక్సే అనుకరిస్తుంది. ఈ ఎంపిక పెట్టుకుని సౌండ్‌ఫాంట్లు ఎన్ని మార్చినా ఒక్క స్వరం కూడా మారదు. సౌండ్‌ఫాంట్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త సౌండ్ కార్డు కొన్నా తీరదు, ఇప్పటి కార్డుల్లో సింథసైజర్ చిప్పు ఉండదు.

ఎంటీ-32 ఆటలకు మంట్ అనే ఉచిత ఎమ్యులేటర్ ఉంది. అది సౌండ్‌ఫాంట్ కాదు, ఆ యంత్రం పనిచేసే తీరునే అనుకరిస్తుంది. అందుకు అసలు యంత్రంలోని రెండు రోమ్ (శాశ్వత మెమరీ) ఫైళ్లు కావాలి. కంట్రోల్ రోమ్ 64 కిలోబైట్లు, పీసీఎం రోమ్ 512 కిలోబైట్లు. తరవాతి మోడల్ సీఎం-32ఎల్‌కు పీసీఎం రోమ్ ఒక మెగాబైటు, అందులో అదనంగా 33 చప్పుళ్లున్నాయి. సైజు ఒక్క బైటు తేడా ఉన్నా మంట్ ఆ ఫైలును గుర్తించదు. వీటి హక్కులు రోలాండ్‌వి కాబట్టి మంట్‌తో పాటు రావు, ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో నేను చెప్పను. రెండు మోడళ్లవీ ఉంటే, 1990 తరవాతి ఆటలకు ముందు సీఎం-32ఎల్ ప్రయత్నించండి. పాట అంతా సవ్యంగా ఉండి అడుగుల చప్పుడో గాజు పగిలిన చప్పుడో మాత్రం లేకపోతే మీరు వాడుతున్నది ఉత్త ఎంటీ-32 అని అర్థం.

డాస్‌బాక్స్‌కు కొత్త రూపమైన డాస్‌బాక్స్ స్టేజింగ్ వాడేవారికి మంట్, ఫ్లూయిడ్‌సింత్ (సౌండ్‌ఫాంట్‌ను వాయించే ప్రోగ్రాం) రెండూ లోపలే ఉన్నాయి. కాన్ఫిగ్ ఫైలులో మిడి విభాగం కింద మిడి డివైస్ ఎదురుగా ఎంటీ32 అని రాసి, రోమ్ ఫైళ్లను దాని ఎంటీ32-రోమ్స్ ఫోల్డర్లో పెడితే పని అయిపోతుంది. పాత 0.74 డాస్‌బాక్స్ అయితే మంట్‌ను విండోస్ డ్రైవర్‌గా విడిగా పెట్టుకుని, డాస్‌బాక్స్ ప్రాంప్టు దగ్గర ‘మిక్సర్ /లిస్ట్‌మిడి’ కొట్టాలి. పరికరాలు నంబర్లతో కనిపిస్తాయి. కావలసిన నంబరును మిడి కాన్ఫిగ్ ఎదురుగా రాయాలి. ఒక యూఎస్‌బీ మిడి కేబుల్ పెట్టినా తీసినా ఈ నంబర్లు మారిపోవచ్చు. నిన్నటిదాకా పలికిన ఆట ఇవాళ మూగబోయిందంటే ముందు చూడాల్సింది ఇదే. డాస్‌బాక్స్‌లో ఎంపీయూ-401 (ఆట మిడి పంపే కార్డు) సెట్టింగును ఇంటెలిజెంట్‌గానే ఉంచండి. యూఏఆర్‌టీకి మారిస్తే కొత్త ఆటలకు ఇబ్బంది లేదు గానీ ఎంటీ-32 కాలపు ఆటలు చాలావరకు మౌనం వహిస్తాయి. ఆట సెటప్‌లో పోర్టు అడిగితే 330. అక్కడ 220 అని కొట్టేస్తుంటారు, అది సౌండ్ బ్లాస్టర్‌ది.

పరికరాన్ని మార్చాక ఆటను మళ్లీ మొదటి నుంచి నడపాలి. సొంత ధ్వనులు ఎక్కేది ఆట మొదలైనప్పుడే. ఎమ్యులేటర్ సేవ్ స్టేట్‌తో నేరుగా మధ్యలోకి దూకితే ఆ సందేశాలు అసలు వెళ్లవు, ఎంటీ-32 తన ఫ్యాక్టరీ ధ్వనులతోనే వాయిస్తుంది. అంతా సరిగ్గా పెట్టినా ఎందుకిలా ఉందని తల పట్టుకునేవాళ్లు ముందుగా ఈ ఒక్కటి చూసుకోవాలి.

పాత సాహస ఆటలను నడిపే స్కమ్‌వీఎం ప్రోగ్రాం వాడేవారు మిడి ఆప్షన్లలో ‘ట్రూ రోలాండ్ ఎంటీ-32’ టిక్కును గమనించాలి. అసలు ఎంటీ-32కో, బయట నడుస్తున్న మంట్‌కో సంగీతం పంపుతుంటేనే దాన్ని పెట్టాలి. జనరల్ మిడి పరికరానికి పంపుతూ ఆ టిక్కు ఉంచితే వాద్యాలన్నీ తారుమారు. టిక్కు తీస్తే స్కమ్‌వీఎం తనకు చేతనైనంత దగ్గరి వాద్యాలకు మారుస్తుంది. వినదగ్గట్టు ఉంటుంది, అసలుతో మాత్రం పోల్చలేం.

ఇక జనరల్ మిడి ఆటలు. మీ వ్యాసంలోని సౌండ్‌ఫాంట్ సలహా వర్తించేది ఇక్కడే, అదీ కొంతవరకే. విండోస్‌లో పుట్టుకతో వచ్చే జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ ధ్వనులు రోలాండ్ నుంచి లైసెన్సు తీసుకున్నవే, అన్నీ కలిపి మూడున్నర ఎంబీ లోపు. ఎండిపోయినట్టుంటుంది గానీ వాద్యాల పొందిక చెడదు. విండోస్ విస్టా నుంచి కంట్రోల్ ప్యానెల్లో మిడి పరికరాన్ని ఎంచుకునే చోటు తీసేశారు. కాబట్టి కూల్‌సాఫ్ట్ వారి వర్చువల్ మిడి సింథ్, మిడి మ్యాపర్ లాంటివి విడిగా పెట్టుకోవాలి. లైనక్స్‌లో ఫ్లూయిడ్‌సింత్ నడిపి, ‘ఎకనెక్ట్ -ఎల్’ కొట్టి పోర్టు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

సౌండ్‌ఫాంట్ సైజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆనాటి స్వరకర్తలు 1991లో వచ్చిన రోలాండ్ ఎస్‌సీ-55 లాంటి పెట్టెల్లో వింటూ ఒక్కో వాద్యం వాల్యూమ్ సరిచేసుకున్నారు. అందులో ఒకేసారి మోగేవి 24 గొంతులు. వందల ఎంబీల సౌండ్‌ఫాంట్లో పియానో ఒక చోట, డ్రమ్స్ ఇంకో చోట రికార్డు చేసి కలిపి ఉంటారు. విడిగా వింటే ఒక్కోటీ అద్భుతమే, కలిపితే ట్రంపెట్ గదంతా నిండి బేస్ మాయమవుతుంది. సుమారు 30 ఎంబీల జనరల్‌యూజర్ జీఎస్‌లో ఈ పొందిక కుదిరింది. సుమారు 140 ఎంబీల ఫ్లూయిడ్ఆర్3 పరవాలేదు. అంతకంటే పెద్దవి ఒక్క పియానో వాయించుకోవడానికి బాగుంటాయి, ఆటలకు నేను సిఫారసు చేయను. గరగర వస్తే సౌండ్‌ఫాంట్‌ను తిట్టుకోకముందు గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్న అంకె) చూడండి. ఫ్లూయిడ్‌సింత్‌లో అది మొదట 0.2 ఉంటుంది. చిన్నగా వినిపిస్తోందని ఒకటికి పెంచితే యుద్ధ సన్నివేశాల్లో శబ్దం చిట్లుతుంది. గెయిన్ 0.4 దాటించకుండా స్పీకర్ పెంచుకోవడం మేలు.

డ్రమ్స్ రావాల్సిన చోట పియానో టకటకమంటే కారణం వేరే. జనరల్ మిడిలో డ్రమ్స్ పదో చానల్లోనే ఉంటాయి. జనరల్ మిడిని యమహా, రోలాండ్ తమ తమ పద్ధతుల్లో పొడిగించాయి, అవే ఎక్స్‌జీ, జీఎస్. యమహా ఎక్స్‌జీలో బ్యాంక్ (వాద్యాల జాబితా) నంబరు 127 పంపి ఏ చానల్‌నైనా డ్రమ్స్‌గా మార్చుకోవచ్చు. రోలాండ్ జీఎస్‌లో బ్యాంక్ మార్పు కంట్రోలర్ 0 అనే మిడి ఆదేశంలో వెళ్తుంది, ఎక్స్‌జీలో వాద్యాల రకాలు కంట్రోలర్ 32లో వెళ్తాయి. ఒకదాని కోసం చేసిన ఫైలును ఇంకోదాని మీద వాయిస్తే ఈ నంబర్లు కలగాపులగమవుతాయి. ఫ్లూయిడ్‌సింత్‌లో బ్యాంక్ సెలెక్ట్ సెట్టింగు మామూలుగా జీఎస్, ఎక్స్‌జీ ఫైళ్లకు దాన్ని ఎక్స్‌జీకి మార్చాలి. ఒక ఆట మూసి ఇంకోటి తెరిచాక పాత వాద్యాలు అంటుకునే ఉంటే రీసెట్ పంపండి. జనరల్ మిడికి ఎఫ్0 7ఈ 7ఎఫ్ 09 01 ఎఫ్7. జీఎస్‌కు ఎఫ్0 41 10 42 12 40 00 7ఎఫ్ 00 41 ఎఫ్7. ఇందులో చివరి 41 చెక్‌సమ్ (సందేశం సరిగ్గా చేరిందో లేదో పట్టిచ్చే అంకె), అది తప్పితే పరికరం మొత్తం సందేశాన్ని పక్కన పడేస్తుంది. ఏదో ఒక స్వరం ఆగకుండా మోగుతుంటే రీసెట్ దాకా పోనక్కర్లేదు, పదహారు చానళ్లకూ కంట్రోలర్ 123 పంపితే ఆగుతుంది.

అసలు యంత్రాలు తెప్పించుకునేవాళ్లు నగరంలో లేకపోలేదు, వాళ్లకు నాలుగు మాటలు. జపాన్ నుంచి వచ్చే పెట్టెతో ఇచ్చే అడాప్టరు 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. యంత్రం అడుగున వోల్టేజీ, ఆంపియర్లు, ధ్రువాల గుర్తు అచ్చై ఉంటాయి, అవి చదివి ఇక్కడే కొత్త అడాప్టరు కొనండి. రోలాండ్ పెట్టెలకు మధ్య పిన్ను నెగెటివ్, ఇక్కడ మామూలుగా దొరికేవి మధ్యలో పాజిటివ్. కేబుల్ సొంతంగా చేసుకునేవారు కోఠి గుజరాతీ గల్లీలో డిన్ ప్లగ్గు అడిగేటప్పుడు 5 పిన్నులు, 180 డిగ్రీలు అని స్పష్టంగా చెప్పాలి. 4కు 4, 5కు 5, షీల్డు 2కు. మిగతా రెండూ ఖాళీ. పొడవు 15 మీటర్లు దాటకూడదు.

చౌక యూఎస్‌బీ మిడి కేబుళ్లు స్వరాలను బాగానే పంపుతాయి, పొడవైన సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలను మాత్రం ముక్కలు చేస్తాయి. ఎంటీ-32 తెర మీద చెక్‌సమ్ ఎర్రర్ అని వస్తే అనుమానం ముందు కేబుల్ మీదే. బఫర్ ఓవర్‌ఫ్లో అని వస్తే అది వేరు. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు, అంటే 3,125 బైట్లు. 64 ధ్వనులూ ఎక్కించడానికి ఐదు సెకన్లకు పైనే పడుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం లేని తొలి ఎంటీ-32లు వరసగా వచ్చే సందేశాలను తట్టుకోలేవు. డాస్‌బాక్స్ మిడి కాన్ఫిగ్‌లో ‘డిలేసిస్‌ఎక్స్’ చేరిస్తే సందేశాల మధ్య కొంచెం విరామం వస్తుంది. కేబుల్ మీద ఔట్ అని ఉన్న ప్లగ్గు యంత్రం ఇన్‌లోకి వెళ్లాలి. పాత జాయ్‌స్టిక్ గేమ్ పోర్టును యూఎస్‌బీకి మార్చే అడాప్టర్లు మిడిని మోయవు, కొనకండి.

పిల్లల పాఠాల కోసం కొన్న యమహా కీబోర్డు చాలా ఇళ్లలో ఉంటుంది. దాని మీద జీఎం (జనరల్ మిడి) ముద్ర, వెనుక యూఎస్‌బీ టు హోస్ట్ రంధ్రం ఉంటే జనరల్ మిడి ఆటలకు అదే సింథసైజర్. ప్రింటర్‌కు వాడే కేబులే సరిపోతుంది. పాట కీబోర్డు స్పీకర్లోంచే వస్తుంది, కంప్యూటర్ స్పీకర్లో వెతక్కండి. ఎంటీ-32 ఆటలకు మాత్రం ఇది పనికిరాదు.

ఇకముందు ఆటలను పరిచయం చేసినప్పుడల్లా విడుదలైన ఏడాది పక్కనే సంగీతానికి సెటప్‌లో ఏది ఎంచుకోవాలో, ఎంటీ-32నా, జనరల్ మిడినా, యాడ్‌లిబ్‌నా, ఒక వరస వేయించమని కోరుతున్నాను. ఇప్పటికే అచ్చయిన వ్యాసంలోని ఆటలకు కూడా వచ్చే ఆదివారం ఆ పట్టిక ఇస్తే, సౌండ్‌ఫాంట్లు దించుకుంటున్నవాళ్లకు డేటా మిగులుతుంది.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్