మా దగ్గర టిఫిన్ ట్రైలర్ కొన్నవాళ్లకు: తప్పు మీ డ్రైవింగుది కాదు, మా ట్యాంకుది

పోయిన 14 నెలల్లో అనంతపురం షెడ్డులో మేము చేసిచ్చిన పన్నెండడుగుల ట్రైలర్లు 11. పదకొండింటికీ నీళ్ల ట్యాంకు తప్పు చోట పెట్టినాను. బొలెరోకు తగిలించి 60 దాటితే తోక ఊపుతోందని మీలో ముగ్గురు ఫోన్ చేసినారు. ముగ్గురికీ నేనిచ్చిన జవాబు ఒకటే, "స్పీడు తగ్గించన్నా." ముందు ఆ జవాబుకు క్షమించండి.

నాలుగో ఫోన్ ధర్మవరంలో ఉగ్గాని బజ్జీ బండి పెట్టుకున్న అన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన అరవలేదు. "ఒకసారి నువ్వే తోలి చూడు నాయనా" అన్నాడంతే. ఆ ఆదివారం తెల్లారి ఆయన బండినే తెప్పించి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి, గుత్తి దోవ పట్టినాను. 50లో ఏమీ లేదు. 60లోనూ బాగానే ఉంది. పామిడి దగ్గర పెన్న వంతెన మీద పక్కగాలి తగిలింది, దాంతోపాటే ఒక ప్రైవేటు బస్సు దూసుకుపోయింది. అప్పుడు నా ముల్లు 68 మీద ఉంది. అద్దంలో చూస్తే ట్రైలరు ఎడమకు, కుడికి, మళ్లీ ఇంకాస్త ఎడమకు పోతోంది. బొలెరో వెనక భాగాన్ని ఎవరో చేత్తో పట్టుకుని ఊపుతున్నట్టు. ఇరవై రెండేళ్లుగా వెల్డింగు చేస్తున్నా, నా చేతి బండికి నేనే భయపడింది ఆ పొద్దే.

షెడ్డుకొచ్చి కాటా మీద పెట్టి చూస్తే సంగతి తేలింది. ఇది చెప్పాలంటే మా తాత ఎద్దులబండి దగ్గరకు పోవాలి. శెనక్కాయ మూటలు ఎత్తినాక, ఎద్దులు కట్టకముందు, ఆయన నొగ పట్టుకుని కొంచెం ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేస్తే రెండు మూటలు ముందుకు జరపమనేవాడు. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. ట్రైలరుకూ అదే లెక్క. కప్లింగు మీద, అంటే కారు కొక్కేనికి తగిలించే ముందు కొన మీద, అదే మన నొగ మీద, కొంత బరువు కిందికి పడి తీరాల. కారవాన్లు ఎక్కువగా తోలే బ్రిటన్, యూరప్‌లలో మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. మీ కారు కొక్కెం ఎంత మోయగలదో ఆ హద్దు ఎలాగూ ఉంటుంది.

మన బండి ఖాళీగా 600 కిలోలు, నొగ మీద 50. చూసి బాగుందనుకున్నా. కానీ నేను తూచింది ఖాళీ బండిని. కప్లింగు నుంచి ఇరుసుకు 10 అడుగులు. 200 లీటర్ల ట్యాంకు నడిమధ్య ఇరుసుకు 2 అడుగులు వెనక, సింకు కింద ఉంది. పైపు తక్కువ పడుతుందని అక్కడ పెట్టినా. 200 కిలోలను 2తో గుణించి 10తో భాగించండి: ట్యాంకు నిండితే నొగ మీద 40 కిలోలు లేచిపోతుంది. 800 కిలోల బండికి మిగిలేది 10 కిలోలు. చేత్తో లేపొచ్చు. నేను ఏ బండినీ నీళ్లు నింపి తూచలేదు, నీళ్లు నింపి తోలలేదు. తప్పంతా ఇక్కడే.

ఊపు ఎందుకు పెరుగుతుందంటే, బరువు ఇరుసుకు ముందుంటే పక్కకు తోసినా చక్రాలు బండిని దోవలోకి లాక్కొస్తాయి. వెనకుంటే ఆ బరువే తోకను ఇంకా బయటికి విసురుతుంది. ప్రతి బండికీ ఒక స్పీడు ఉంటుంది. దాని లోపలైతే ఊపు దానంతటదే చచ్చిపోతుంది, అది దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. "నిన్న ఇదే రోడ్డులో బాగుండె" అని మీరన్నది అందుకే నిజం. నిన్న 60లో పోయినారు, లేదా ట్యాంకు ఖాళీగా ఉండె.

తూకం సరిపోయినా సరిపోనిది ఇంకొకటుంది. ఒకాయన గ్రైండరు వెనక చివర, రెండు కమర్షియల్ సిలిండర్లు ముందు చివర పెట్టుకున్నాడు. కాటా మీద నొగ బరువు చక్కగా వచ్చింది, బండి మాత్రం ఊగింది. కావడి భుజాన వేసుకుని పక్కకు తిరిగి చూడండి, రెండు కడవలూ మిమ్మల్ని ఈడ్చుకుపోతాయి. బరువులు చివర్లలో ఉంటే ఒకసారి తిరగడం మొదలైనాక ఆగవు. గ్యాసుతో కలిపి ఒక్కో సిలిండరు 35 కిలోల పైమాటే. బరువైనవన్నీ ఇరుసుకు దగ్గరగా, నేలకు దగ్గరగా ఉంచండి. పైఅల్మారాల్లో ప్లేట్లు, పేపర్లు చాలు.

ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించి పట్టించే అలవాటు మన దగ్గర ఉంది. అది మానండి. గాలి తక్కువైతే టైరు ఇంకా వేడెక్కుతుంది, పక్కకు మెత్తగా వంగి ఊపుకు తోడవుతుంది.

ఒకవేళ దోవలో ఊపు మొదలైతే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయండి. స్టీరింగు నేరుగా గట్టిగా పట్టుకోండి, తోకను సరిచేద్దామని ఇటూ అటూ తిప్పొద్దు. మన చెయ్యి ఎప్పుడూ ఊపుకు ఒక క్షణం వెనకే ఉంటుంది, సరిచేసేది పోయి పెంచుతుంది. స్పీడు పెంచి లాగేస్తే సర్దుకుంటుందని చెప్పే డ్రైవర్లున్నారు, వినొద్దు. బ్రేకు సడన్‌గా తొక్కొద్దు. పెన్న వంతెన మీద నేను మొదట చేసింది బ్రేకు మీద కాలు పెట్టడమే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

స్టెబిలైజరు కప్లింగు వేయమని ఇద్దరు అడిగినారు. అది మంచిదే. లోపలి పట్టీలు కారు కొక్కెం మీదుండే 50 మిల్లీమీటర్ల బంతిని పట్టుకుని ఊపును అణుస్తాయి. ఒక బండికి తెప్పించి బిగిస్తే, మా పిల్లోడు అలవాటుగా బంతికి నిండా గ్రీజు పూసినాడు. ఆ రకానికి గ్రీజు తగలకూడదు, పట్టు మొత్తం పోయింది. పట్టీలు మార్చాల్సి వచ్చింది. ఏమైనా, తప్పు తూకానికి అది మందు కాదు. తూకం సరైనాకే అది అడగండి.

ఇప్పుడు చేసేది ఇది. పదకొండు బండ్లకూ ట్యాంకు ఇరుసు నెత్తిన వచ్చేట్టు మారుస్తాను. అప్పుడు నిండినా ఖాళీ అయినా నొగ మీద 50 కిలోలే ఉంటుంది, 800లో ఆరు శాతానికి కొంచెం పైన. ఖర్చు నాదే, ఒక్కో బండికి తొమ్మిది వేల దాకా అవుతుంది. రెండు రోజులు బండి ఇక్కడే ఉండాల, ఆ రెండు రోజుల మీ యాపారానికి మాత్రం నేను కట్టివ్వలేను. బెంగళూరు నుంచి గండికోటకు పోయే అన్న చేయించుకున్న పడకల కారవాన్‌కు కూడా ఇదే పని. పైగా దానికి ఎత్తైన గోడలు, గాలికి అడ్డం. ఆషాఢంలో ఉరవకొండ వైపు గాలిమరలు తిరిగే గాలి తెలుసు కదా, ట్యాంకు మార్చేవరకూ ఆయన దాన్ని ఊరి దోవ పట్టించొద్దని చెప్పినా.

కొత్త ఆర్డర్లు నెలన్నర ఆలస్యమవుతాయి. అడ్వాన్సు వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాను, మొహమాటం లేదు. ఇక మీద ఏ బండైనా నీళ్లు నింపి, సిలిండర్లు పెట్టి, మీ ముందరే కాటా మీద తూచి ఇస్తాం. ఆ అంకె బండి నొగ మీదే పెయింటుతో రాస్తాం.

మీ బండికి ట్యాంకు మార్చేవరకూ దాన్ని ఖాళీ చేసి తోలండి, యాపారం చేసే చోటే నీళ్లు పట్టుకోండి. యాభై దాటొద్దు. బండి తెచ్చే ముందు ఫోన్ చేయండి, రోజుకు ఒకటే పట్టగలం. బుధవారం వద్దు, వెల్డరు ఉండడు.