ఎన్ని అంతస్తులని కాదు, వీధి మోయగలదా అని అడగండి

సంపాదకులు గారికి,

నగరాల్లో టవర్లు కావాలా వద్దా అని మీ పత్రికలో నడుస్తున్న చర్చ చదువుతున్నాను. అందరి వాదనా ఎత్తు దగ్గరే ఆగిపోతోంది. ఉద్యోగమంతా మురుగునీటి లైన్ల మీదే గడిపినవాణ్ని. నాకు ముందు గుర్తొచ్చేది నేల కింద సంగతి.

నాలుగు ఇళ్లు పడగొట్టి టవర్ లేపుతారు. ఫ్లాట్లు వందల్లో వస్తాయి. వీధి కింద పైపు మాత్రం ఆ నాలుగు ఇళ్లనాడు వేసిందే. పొద్దున్నే అందరూ స్నానాలు చేసి ఆఫీసులకు బయల్దేరే వేళకి మ్యాన్‌హోల్ పొంగుతుంది. అదీ టవర్ ముందు కాదు, పల్లంలో ఉన్న పాత ఇంటి గుమ్మంలో. పూడిక తీస్తే నాలుగు రోజులు సర్దుకుంటుంది, మళ్లీ మామూలే. పైపు చాలనప్పుడు పూడిక తీసి ఏం లాభం?

ఇక వీధి వైపు చూడండి. కింద మూడు నాలుగు అంతస్తులు పార్కింగే. ఒక గుమ్మం లేదు, కిటికీ లేదు, బారెడు పొడుగు గోడ. చీకటి పడితే ఆడపిల్లలు ఆ గోడ పక్కన నడవడానికి జంకుతారు. ఇది నాకు పైపుకన్నా పెద్ద బాధ.

అలాగని టవర్లు అసలే వద్దనను. ఊరు పక్కలకి పాకుతూ పోతే పొలాలు పోతాయి, పేదవాడి ఇల్లు పనిచోటుకి ఇంకా దూరమవుతుంది. సింగపూర్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే. చాలా భవనాల్లో కింది అంతస్తుని జనం కూర్చోడానికి, పెళ్లిళ్లు చేసుకోడానికి ఖాళీగా వదిలారు. పారిస్ దారి వేరు. 1973లో 210 మీటర్ల మోన్‌పర్నాస్ టవర్ లేచాక జనం గగ్గోలు పెట్టారు. 1977లో 37 మీటర్ల హద్దు పెట్టుకున్నారు, మధ్యలో కొంత సడలించి 2023లో మళ్లీ తెచ్చుకున్నారు. అయినా అక్కడ చదరపు కిలోమీటరుకి సుమారు 20,000 మంది ఉంటున్నారు. ఎక్కువమందికి చోటివ్వాలంటే ఆకాశానికే ఎక్కాలన్న మాట నేను ఒప్పుకోను.

నేను అడిగేది ఒక్కటే. అనుమతి ఇవ్వకముందే ఆ స్థలం దగ్గర బోర్డు పెట్టండి. వీధి పైపు ఎంత మోస్తుందో, టవర్ నుంచి ఎంత కలుస్తుందో, ఫైరింజన్ తిరిగే దారి ఉందో లేదో, చలికాలంలో నీడ ఎవరి ఇళ్లమీద పడుతుందో అందులో రాయండి. పైపు మార్చే ఖర్చు బిల్డర్ దగ్గర ముందే వసూలు చేయండి. ఆ పని పూర్తయ్యాకే మొదటి కుటుంబాన్ని దిగనివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజినీరు